ఐదు సెల్లులు, 45 డిగ్రీలు

కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల గానీ, మంచిర్యాల మార్కెట్లో గానీ హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి బ్యాటరీ డ్రిల్లు చూపించమంటే రెండు రకాల డబ్బాలు కౌంటరు మీదికి వస్తాయి. ఒకదాని మీద 18 వోల్టులని ఉంటుంది, ధర ఎనిమిది వేలో పది వేలో చెబుతారు. రెండోదాని మీద 48 అనో, 88 అనో, ఒక్కోసారి 128 అనో పెద్ద అంకె అచ్చు వేసి ఉంటుంది. ధర మాత్రం రెండు మూడు వేలు దాటదు. వడ్ల పని చేసే కుర్రవాడికి సహజంగానే అనుమానం వస్తుంది: వోల్టులు ఎక్కువున్నది తక్కువకెట్ల వస్తది? రాదు. చాలాసార్లు రెండు డబ్బాల్లోనూ ఉండేవి అవే ఐదు సెల్లులు.

ఈ టూల్స్‌లో వాడే లిథియం అయాన్ సెల్లు ఒక్కోటి సగటున 3.6 వోల్టులిస్తుంది. అది మనుషులు నిర్ణయించిన అంకె కాదు, లోపలి రసాయనాలు నిర్ణయించింది. ఐదింటిని వరుసగా కలిపితే 18. చార్జింగ్ నిండినప్పుడు ఒక్కో సెల్లు 4.2 దాకా లేస్తుంది కాబట్టి అదే ప్యాక్ కాసేపు 21 చూపిస్తుంది. అందుకే ఒక కంపెనీ 18 అంటుంది, ఇంకోటి 20 మ్యాక్స్ అంటుంది, మరోటి 21 అంటుంది. మూడూ ఒకటే. నిజంగా 48 వోల్టులు కావాలంటే 13కు పైగా సెల్లులు వరుసలో ఉండాలి, 128కి 35కు పైగా ఉండాలి. అన్ని సెల్లులు ఆ చిన్న డబ్బాలో పట్టనే పట్టవు. పైగా ఆ అంకె పక్కన వోల్టుకు గుర్తయిన వీ అక్షరానికి ఇంకో అక్షరం తగిలించి ఉంటుంది చూడండి. ఇవి వోల్టులని మేమెప్పుడన్నామని రేపు తప్పించుకోవడానికి అది వీలుగా ఉంటుంది.

మోసం పట్టుకోవడానికి మీటరు అక్కర్లేదు, పక్క కిరాణా కొట్టు తూకం చాలు. టూల్స్‌లో ఎక్కువగా కనబడే సెల్లు పేరు 18650, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. దాని బరువు 45 నుంచి 48 గ్రాములు. ఈ సైజులో మామూలుగా దొరికే మంచి సెల్లు కూడా మూడున్నర ఆంపియర్ అవర్ల దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఈ సెల్లులతో 5 ఆంపియర్ అవర్ల ప్యాక్ చేయాలంటే ఐదేసి చొప్పున రెండు వరుసలు, మొత్తం పది సెల్లులు ఉండాల్సిందే. సెల్లులే అరకిలో దగ్గరికి వస్తాయి, పెట్టెతో కలిపి 600 గ్రాములు దాటాలి. డబ్బా మీద పది, పన్నెండు ఆంపియర్ అవర్లని రాసి, ప్యాక్ తూకం 350 గ్రాములు చూపిస్తే ఇక ఆ షాపు వాడితో వాదించే పనే లేదు. కొత్తగా వస్తున్న 21700 అనే కొంచెం లావు సెల్లు 70 గ్రాములుంటుంది. అది ఐదు సెల్లుల్లోనే 4 ఆంపియర్ అవర్లివ్వగలదు గనుక ప్యాక్ కాస్త తేలికైనా ఒప్పుకోవచ్చు.

వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు. ప్యాక్‌లో ఎంత శక్తి ఉందో చెప్పేది ఆ లెక్కే. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అంటే 90 వాట్ అవర్లు. ఆదిలాబాద్ పత్తి రైతుకు ఈ పరిమాణం కొత్త కాదు. వీపు మీద వేసుకుని మందు కొట్టే బ్యాటరీ పంపులో సాధారణంగా ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్లు. అంటే 96 వాట్ అవర్లు, దాదాపు అంతే శక్తి. కాకపోతే ఆ సీసపు బ్యాటరీ రెండున్నర కిలోల దాకా బరువుంటుంది, ఇది అరకిలో పైచిలుకు. నిచ్చెన మీద నిలబడి ఒంటి చేత్తో పట్టుకునే పనిముట్టుకు సీసం ఎన్నటికీ ఎందుకు పనికిరాలేదో ఈ ఒక్క తేడా చెబుతుంది.

90 వాట్ అవర్లతో ఎంత పని అవుతుందన్నది పనిని బట్టి ఉంటుంది. తలుపుకు బందులు బిగించే మిషన్ స్క్రూ దిగే రెండు మూడు సెకన్లే కరెంటు గుంజుతుంది, మిగతా సేపు ఊరికే ఉంటుంది. దానికి ఒక ప్యాక్ రోజంతా రావచ్చు. గ్రానైటు పలకనో, టైల్స్‌నో కోసే నాలుగించుల కటింగ్ మిషన్ అలా కాదు. వైరుతో నడిచేవి వెయ్యి వాట్లు దాటి లాగుతాయి. అదే జోరు బ్యాటరీ నుంచి కావాలంటే 90 వాట్ అవర్లు ఐదారు నిమిషాల్లో ఖతం. కరీంనగర్ చుట్టూ గ్రానైటుకు కొదవ లేదు, ఇళ్లలో గట్లకూ మెట్లకూ అదే రాయి. రాతి పని చేసే వారికి నా సలహా సూటిగా చెబుతాను: కటింగ్ మిషన్‌కు వైరే ఉంచుకోండి. బ్యాటరీ కట్టర్ మీద పెట్టే డబ్బుతో మంచి డైమండ్ బ్లేడ్లు కొనుక్కోవచ్చు.

మరి వైరు ఎక్కడ వదిలించుకోవాలి? ఇంకా మీటరు బిగించని కొత్త ఇంట్లో. క్యూరింగ్ కోసం నీళ్లు కట్టిన స్లాబ్ మీద, అతుకులు వేసిన ఎక్స్‌టెన్షన్ వైరు తడిలో పారుతూ ఉండే చోట. 230 వోల్టులు ప్రాణం తీస్తాయి, 21 వోల్టులు మామూలుగా ఒంటికి తెలియనైనా తెలియవు. బ్యాటరీ టూల్స్ గురించి మాట్లాడేవాళ్లు సౌకర్యం గురించే చెబుతారు గానీ సుతారికీ, వడ్రంగికీ, ఫాల్స్ సీలింగ్ కుర్రాళ్లకూ వీటి వల్ల జరిగే అసలు మేలు ఇదే.

ఇక ఎండ. జర్మనీ, జపాన్ కంపెనీలు రాసే మాన్యువల్‌లో మనవాళ్లెవరూ చదవని ఒక వాక్యం ఉంటుంది. మకిటా అయితే బ్యాటరీని 10 నుంచి 40 డిగ్రీల మధ్యే చార్జ్ చేయాలంటుంది, 50 డిగ్రీలకు చేరే చోట పెట్టొద్దంటుంది. మిగతా కంపెనీల అంకెలూ కొంచెం అటూ ఇటూ ఇవే. మే నెలలో ఆదిలాబాద్, రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. అది కూడా వాతావరణ శాఖ వాళ్లు గాలి ఆడే తెల్ల పెట్టెలో, నీడలో కొలిచిన అంకె. రేకుల షెడ్డు కింద, బండి డిక్కీలో, స్లాబ్ మీద ఎండలో వదిలేసిన టూల్ పెట్టెలో ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. అంటే ఇక్కడి ఎండాకాలంలో మధ్యాహ్నం పూట, మాన్యువల్ ప్రకారం, ఆ బ్యాటరీని చార్జ్ చేయడానికే వీల్లేదు. ప్యాక్ వేడిగా ఉంటే మంచి చార్జరు చార్జింగ్ మొదలుపెట్టదు, లైటు ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంటుంది. ‘చార్జర్ ఖరాబైంది’ అని దుకాణానికి తెచ్చేవాటిలో కొన్ని ఖరాబైనవి కావు, చల్లబడటం కోసం ఎదురుచూస్తున్నవి. చవక చార్జర్లకు ఈ ఇంగితం ఉండదు. అవి ఎంత వేడి మీదైనా చార్జ్ ఎక్కిస్తూనే ఉంటాయి.

వేడి రెండు వైపుల నుంచి వస్తుంది. బయటి ఎండ ఒకటి, సెల్లు తన లోపల తానే పుట్టించుకునేది రెండోది. ప్రతి సెల్లుకూ కొంత అంతర్గత నిరోధం ఉంటుంది, మంచి సెల్లుకు 20 మిల్లీ ఓములు అనుకుందాం. టేకు దర్వాజాకు లావు బిట్టుతో రంధ్రం వేస్తుంటే మోటారు 20 ఆంపియర్లు లాగిందనుకోండి. ఒకే వరుసలో ఐదు సెల్లులున్న 2 ఆంపియర్ అవర్ల ప్యాక్‌లో ప్రతి సెల్లూ ఆ 20 ఆంపియర్లనూ మోయాలి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే ఒక్కో సెల్లులో 8 వాట్ల వేడి. రెండు వరుసల ప్యాక్‌లో ఒక దూలాన్ని ఇద్దరు ఎత్తుకున్నట్టు, ఒక్కో సెల్లు మీద పడేది 10 ఆంపియర్లే. కానీ వేడి సగమవదు, వర్గం లెక్క గనుక నాలుగో వంతుకు, 2 వాట్లకు పడిపోతుంది.

దీన్ని మన ఎండలో పెట్టి చూద్దాం. చాలా సెల్లులకు 60 డిగ్రీల దగ్గర గీత గీస్తారు. 45 గ్రాముల సెల్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 43 జౌళ్ల దాకా పడుతుంది. గాలికి పోయే వేడిని పక్కన పెడితే, 25 డిగ్రీల పొద్దున మొదలైన చిన్న ప్యాక్ ఆగకుండా మూడు నిమిషాలు పనిచేశాక ఆ గీత తాకుతుంది. అదే ప్యాక్ 43 డిగ్రీల మధ్యాహ్నం మొదలైతే ఒకటిన్నర నిమిషమే. రెండు వరుసల ప్యాక్ అయితే ఆ మధ్యాహ్నం పూట కూడా ఆరు నిమిషాలు తట్టుకుంటుంది. పెద్ద ప్యాక్ అంటే ఎక్కువసేపు వస్తుందనే అందరూ కొంటారు. మన దగ్గర మాత్రం అది చల్లగా ఉంటుందని కొనాలి. ‘ఎండల మిషన్ ఊకె ఆగిపోతుంది’ అనే ఫిర్యాదుకు మందు పెద్ద డ్రిల్లు కాదు, రెండు వరుసల బ్యాటరీ.

టేకు సంగతి ఇంకోటుంది. ఆదిలాబాద్ టేకులో నూనెతో పాటు ఇసుకలో ఉండే సిలికా కూడా సహజంగానే కొద్దిగా ఉంటుంది. చెద పట్టని ఆ కర్ర బ్లేడు పళ్లను మాత్రం త్వరగా మొద్దు చేస్తుంది. మొద్దుబారిన బ్లేడు అదే కోతకు ఎక్కువ కరెంటు లాగుతుంది, వర్గం లెక్కలో వేడి ఎగబాకుతుంది. వైరు మిషన్ ఉన్న రోజుల్లో ఈ నష్టం కరెంటు బిల్లులో కలిసిపోయి కనబడేది కాదు. ఇప్పుడు బ్యాటరీ ఆయుష్షులోంచి కోత పడుతుంది. రంపానికి పదును పెట్టించడం కూడా బ్యాటరీ పోషణలో భాగమే. నిర్మల్ బొమ్మలు చెక్కే పొనికి లాంటి మెత్తని కర్ర పనికైతే ఇంత హంగామా అక్కర్లేదు, మూడు సెల్లుల 12 వోల్టుల తరగతి టూల్ చాలు.

వాడకుండా పక్కన పెట్టినా ఎండ వదలదు. సెల్లులో గ్రాఫైటు పొడి మీద ఒక పలుచని పొర ఏర్పడి ఉంటుంది. సెల్లును కాపాడేది అదే. కానీ వేడి పెరిగేకొద్దీ ఆ పొర మందమవుతూ, పని చేయాల్సిన లిథియాన్ని తనలో బంధించేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ అరుగుదల దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. నిండా చార్జ్ చేసి ఉంచితే మరీ ఎక్కువ. సుమారుగా చెప్పాలంటే, 40 డిగ్రీల్లో ఏడాది పాటు నిండుగా ఉంచిన లిథియం అయాన్ బ్యాటరీ తన పట్టులో మూడో వంతు పోగొట్టుకుంటుంది, సగంలోపు చార్జితో ఉంచితే ఏడో వంతు దగ్గర ఆగుతుంది. అందుకే వానాకాలం పనులు లేక మూలన పెట్టేటప్పుడు, పెళ్లికి ఊరెళ్లేటప్పుడు ఒకటి రెండు గీతలు మిగిల్చి, ఇంట్లో చల్లటి గచ్చు మీద పెట్టి వెళ్లండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, తీసిన వెంటనే లోపల తేమ పడుతుంది. చార్జింగ్‌కు మంచి వేళ తెల్లవారుజాము. చలికాలంలో మాత్రం ఇది తిరగబడుతుంది. సిర్పూర్ (యు), తిర్యాణి వైపు పొద్దున 5 డిగ్రీలకు దిగే రోజులుంటాయి. అప్పుడు ఆరుబయట పెట్టిన చార్జరు చలికి మొరాయించవచ్చు.

పూర్తిగా దింపి చార్జ్ పెట్టాలనే మాట ఇంకా వినబడుతుంది. అది నికెల్ కాడ్మియం కాలం నాటి అలవాటు. బ్లాక్ అండ్ డెక్కర్ 1961లో తెచ్చిన మొదటి బ్యాటరీ డ్రిల్లు ఆ రకానిదే. చంద్రుడి మీద 1971లో అపోలో 15 వ్యోమగాములు నేల తొలిచింది కూడా బ్యాటరీ డ్రిల్లుతోనే. నాసా కోసమే ఇది కనిపెట్టారనే కథలో మాత్రం నిజం లేదు, చంద్రుడి మీదికి వెళ్లేసరికే దానికి పదేళ్లు. లిథియం అయాన్‌ను సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది, డ్రిల్లుల్లోకి రావడానికి 2000 తర్వాత అయింది. లిథియాన్ని అడుగంటా దింపితే మేలు లేకపోగా కీడు. సెల్లు రెండున్నర వోల్టుల గీత దాటి మరీ కిందికి పోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత చార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడో పేరుకుని షార్ట్ అయ్యే ప్రమాదముంది. ఆ స్థితిలో చార్జరు ఒప్పుకోనిది అందుకే. వేరే బ్యాటరీ తగిలించి ‘జంప్’ ఇచ్చి లేపే మెకానిక్కులున్నారు, వాళ్ల దగ్గరికి తీసుకుపోకండి. పాత ల్యాప్‌టాప్ సెల్లులు వేసి ప్యాక్ కట్టించుకోవడమూ అంతే. ల్యాప్‌టాప్ సెల్లు మూడు నాలుగు ఆంపియర్లకు తయారైంది, దాన్ని 20 అడిగితే నిప్పును అడిగినట్టే.

మన దగ్గర బ్యాటరీల క్రమశిక్షణ నేర్చుకోవాలంటే విదేశాలు చూడక్కర్లేదు. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని బాయిల్లోకి దిగిన సింగరేణి కార్మికుడు తరతరాలుగా నెత్తిన క్యాప్ ల్యాంపు, నడుముకు దాని బ్యాటరీ కట్టుకునే దిగాడు. సీసపు బ్యాటరీల రోజుల్లో అది రెండు కిలోలకు అటూ ఇటూ ఉండే బరువు. షిఫ్టు దిగగానే దీపం ల్యాంపు రూముకు చేరాలి, నంబరు ప్రకారం చార్జింగ్ ర్యాకులో కూర్చోవాలి. బ్యాటరీ ఎవరిది, ఎప్పుడు నిండింది, ఏది బలహీనపడింది అన్నది అక్కడివాళ్లకు తెలుస్తుంది. నలుగురు కలిసి పనిచేసే వడ్రంగి బృందం కూడా ప్యాకులకు పెయింటుతో నంబరు వేసి, వంతులవారీగా వాడుకుంటే చాలు, ఏదో ఒక ప్యాకే రోజూ ఉడికిపోకుండా ఉంటుంది. ఒక హెచ్చరిక: బజారు డ్రిల్లు ఎంత మంచిదైనా బొగ్గు గనిలోకి పనికిరాదు. మీథేన్ ఉండే చోట వాడే ప్రతి విద్యుత్ పరికరానికీ గనుల భద్రతా డైరెక్టరేట్ అనుమతి ఉండాలి.

పాత రకం మోటారులో కార్బన్లు తిరిగే భాగాన్ని రాసుకుంటూ నిప్పురవ్వలు రాలుస్తాయి. ‘కార్బన్లు అరిగినయి’ అనే మాట వినని పనివాడుండడు. బ్రష్‌లెస్ మోటారులో అవి లేవు. అయస్కాంతాలు తిరుగుతాయి, తీగచుట్టలు కదలకుండా ఉంటాయి, చిన్న సర్క్యూటు కరెంటును చుట్ట నుంచి చుట్టకు మారుస్తుంది. రాపిడిలో పోయే శక్తి మిగులుతుంది కాబట్టి అదే బ్యాటరీ మీద ఎక్కువ పని, తక్కువ వేడి. సిమెంటు దుమ్ములో రోజూ వాడేవారికి ఆ అదనపు ధర గిట్టుబాటవుతుంది. ఇంట్లో ఏడాదికి నాలుగు మేకులు కొట్టేవారికి గిట్టదు.

ఇంతకీ ఏ కంపెనీ? ఈ ప్రశ్నకు టూల్ చూసి జవాబు చెప్పలేం. బాష్, మకిటా, డివాల్ట్, హైకోకి, ఎవరి బ్యాటరీ గాడి వారిది, ఒకరిది ఇంకొకరికి ఎక్కదు. బాష్ 2022లో ఆంప్‌షేర్ పేరుతో, అంతకుముందు 2018లో మెటాబో కాస్ పేరుతో కొన్ని కంపెనీలను ఒకే బ్యాటరీ కిందికి తెచ్చాయి. కానీ అవి పరిమిత కూటములే, ఫోన్ చార్జర్లకు వచ్చినట్టు అందరికీ ఒకే పిన్ను ఇక్కడ ఇంకా రాలేదు. చిల్లర బ్రాండ్లు పేరున్న కంపెనీ గాడిని అనుకరిస్తాయి. బ్యాటరీ ఎక్కుతుంది గానీ లోతుగా దిగకుండా, వేడెక్కకుండా ఆపే కాపలా సర్క్యూటు కొన్ని కంపెనీలు ప్యాక్‌లో పెడతాయి, కొన్ని టూల్‌లో పెడతాయి. కాపలా లేని ప్యాక్ కాపలా లేని టూల్‌తో జత కడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అడాప్టర్లకూ ఇదే చిక్కు.

డబ్బు లెక్క ఒక్కటి చూడండి. 90 వాట్ అవర్ల ప్యాక్ నింపడానికి ఒక యూనిట్ కరెంటులో పదో వంతు పడుతుంది, రూపాయికి లోపే. అదే ప్యాక్ ధర ఐదు వేలనుకుని, 500 సార్లు నిండుతుందనుకుంటే, నింపిన ప్రతిసారీ పది రూపాయల బ్యాటరీ కరిగినట్టు. ఎండలో నిర్లక్ష్యంగా వాడి 250 సార్లకే చంపుకుంటే ఇరవై. కాబట్టి దుకాణంలో ముందు అడగాల్సింది డ్రిల్లు ధర కాదు. రెండేళ్ల తర్వాత ఈ బ్యాటరీ విడిగా దొరుకుతుందా, ఎంతకు, సర్వీసు సెంటరు కరీంనగర్‌లోనే ఉందా లేక హైదరాబాద్ పంపాలా? సరైన జవాబు రాని బ్రాండు ఎంత చవకైనా కొనకండి.

నన్నడిగితే ఇక్కడి వడ్రంగికి సరిపోయేది ఇది: 18 వోల్టుల బ్రష్‌లెస్ డ్రిల్లు, స్క్రూలకు ఒక ఇంపాక్ట్ డ్రైవర్, 4 లేదా 5 ఆంపియర్ అవర్ల ప్యాకులు రెండు, ఒక చార్జరు. తర్వాత అవసరాన్ని బట్టి అదే బ్రాండులో బ్యాటరీ లేకుండా అమ్మే టూల్స్ ఒక్కొక్కటీ చేర్చుకోవచ్చు. గోడకు యాంకర్ల కోసం 8, 10 మిల్లీమీటర్ల రంధ్రాలకు హిల్టీ మిషన్ అని పిలిచే బ్యాటరీ హ్యామర్ డ్రిల్లు సరిపోతుంది. కాంక్రీటు పగలగొట్టడానికి, రాయి కోయడానికి వైరు మిషన్లే ఉంచండి.

పాడైన ప్యాకును మాత్రం పాత ఇనుప సామాన్ల వాడికి వేయకండి, చెత్తలో కలపకండి, విప్పి చూడకండి. లోపల మిగిలిన కాస్త చార్జికే మంట లేస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారుదీ, దిగుమతిదారుదీ. పిన్నులకు ఇన్సులేషన్ టేపు చుట్టి, కొన్న దుకాణంలోనో సర్వీసు సెంటర్లోనో ఇచ్చి, తీసుకోమని గట్టిగా అడగండి.